పిల్లల్ని హోములో వేసే ముందు వినకూడని సలహాలు

ఇంటి పెద్ద పోయి దినవారాలు పూర్తికాకముందే సలహాలు మొదలవుతాయి. ఉన్న కాస్త నేల అమ్మెయ్యమని ఒకరు, పుట్టింటికి వెళ్లిపొమ్మని ఒకరు, పిల్లల్ని ఏదైనా హోములో వెయ్యమని ఇంకొకరు. చెప్పేవాళ్లలో బంధువులుంటారు, బడి పంతులుంటారు, ఊరి పెద్దలుంటారు. చెడు కోరి చెప్పేవాళ్లు అరుదు. అయినా ఈ సలహాల్లో చాలావాటి వల్ల పిల్లలు దెబ్బతింటారు. అవి ఎక్కడ తప్పో, వాటి బదులు ఏం చెయ్యొచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హోము అంటే ఇక్కడ బాలసదనం కావచ్చు, అనాథాశ్రమం కావచ్చు, స్వచ్ఛంద సంస్థ నడిపే బాలల గృహం కావచ్చు. జీతానికి పనిచేసే సిబ్బంది పదిమందో వందమందో పిల్లల్ని ఒకచోట పెంచే ఏర్పాటు. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను కన్నవాళ్లు కాని కుటుంబం, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో, ప్రభుత్వ పర్యవేక్షణలో, కొంతకాలం తన ఇంట్లో ఉంచుకుని పెంచడం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో రెండింటికీ చోటుంది. హోమును మాత్రం చివరి మార్గంగానే చూడాలని ఆ చట్టం మొదట్లోనే, మూలసూత్రాల్లో చెబుతుంది.

ఎవరు ఏ సలహా చెప్పినా నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ బిడ్డకు పదేళ్ల తర్వాత అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోను చేస్తుంది? ఆ మనిషిని దూరం చేసే సలహా ఎంత బాగా వినిపించినా తప్పు సలహాయే.

"హోములో వేస్తే తిండీ చదువూ అయినా దొరుకుతాయి"

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది, ఎక్కువ నష్టం చేసేది ఇదే. "అమ్మాయ్, ఇద్దర్నీ హోములో వేసెయ్. వాళ్లే చూసుకుంటారు. నీ కూలిపని నువ్వు చేసుకోవచ్చు" అంటారు. వినేసరికి నిజమే అనిపిస్తుంది.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశంలోని హోములన్నిటి లెక్క తీయించింది. ఆ నివేదిక 2018లో బయటికొచ్చింది. 9,589 సంస్థల్లో 3,77,649 మంది పిల్లలున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లు అందులో 42 వేల లోపే. తల్లో తండ్రో ఒకరున్న పిల్లలు లక్షా ఇరవై వేలు. మనం అనాథాశ్రమం అని పిలిచే చోట అనాథలకంటే ఒంటరి తల్లుల, ఒంటరి తండ్రుల పిల్లలే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. వాళ్లను అక్కడికి చేర్చింది చాలావరకు పేదరికం. పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను కుటుంబం నుంచి వేరు చెయ్యకూడదని, ఆ కుటుంబానికే సాయం చెయ్యాలని 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన చట్టం 45వ సెక్షనులో పెట్టిన స్పాన్సర్‌షిప్పు ఉద్దేశమూ అదే.

మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్పు ఉంది. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, విడాకులు తీసుకున్నా అర్హతే. తల్లిదండ్రులిద్దరూ పోయి అమ్మమ్మ, బాబాయి, మేనత్త దగ్గర పెరుగుతున్న పిల్లలకూ వర్తిస్తుంది. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్నా, పని చెయ్యలేని స్థితిలో ఉన్నా అడగవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచరును అడగండి, ఐసీడీఎస్ సూపర్‌వైజరు దాకా మాట చేరుతుంది. మరణ ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా పుస్తకం దగ్గర పెట్టుకోండి. నిధులు వచ్చిన మేరకే ఇస్తారు, ఆలస్యమూ అవుతుంది. అందుకని దరఖాస్తు మానుకోకండి, దాంతోపాటు వితంతు పింఛను, రేషను కార్డులో పేర్ల మార్పు కూడా పూర్తి చేయించండి. ఒక తల్లికి నిజంగా సాయపడాలనుకునే బంధువు చెయ్యాల్సింది ఆమె వెంట ఆ ఆఫీసులకు వెళ్లడం. హోము అడ్రసు కనుక్కురావడం కంటే అది కష్టమైన పని, అందుకే ఎవరూ చెయ్యరు.

హోము పిల్లల్లో చాలామందికి ఇల్లుందన్న సంగతి కోవిడ్ రోజుల్లో మొత్తం దేశానికి తెలిసొచ్చింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క ప్రకారం హోముల్లో ఉన్న 2,27,518 మందిలో 1,45,788 మందిని అప్పటికే ఇళ్లకు పంపేశారు. ఇన్నేళ్లూ హోముల్లో ఉన్నవాళ్లలో సగానికి పైగా పిల్లలకు తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లుందన్నమాట. వాళ్ల చదువు ఆగకుండా నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. డబ్బు ఏర్పాటు, బడి ఏర్పాటు లేకుండా పిల్లల్ని ఇంటికి తోలెయ్యడమూ తప్పేనన్నది ఆ ఆదేశం వెనకున్న ఆలోచన. ఇళ్లకు పంపమని అంతకుముందు జాతీయ బాలల హక్కుల సంఘం ఎనిమిది రాష్ట్రాలకు రాసిన లేఖ మీద అభ్యంతరాలు వచ్చాయి. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఒక్కో బిడ్డ పరిస్థితి విడిగా చూడకుండా గడువు పెట్టి అందర్నీ పంపించడాన్ని నేనూ సమర్థించను.

చదువు కోసమే అయితే దారులు వేరే ఉన్నాయి. గురుకులం, సాంఘిక సంక్షేమ హాస్టలు, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం. హాస్టల్లో చేరిన పిల్ల సంక్రాంతికి, దసరాకు, వేసవికి ఇంటికొస్తుంది. తల్లి తల్లిగానే ఉంటుంది, సంతకం ఆమెదే, నిర్ణయం ఆమెదే. హోములో చేరిన బిడ్డ విషయంలో నిర్ణయాలు క్రమంగా తల్లి చేతిలోంచి జారిపోతాయి. రెండేళ్లు గడిచాక వెళ్లి చూస్తే బిడ్డ దగ్గరికి రావడానికి తటపటాయిస్తుంది. తల్లి ఆ తటపటాయింపునే కారణంగా చూపించుకుని మరో ఏడాది వెళ్లడం మానేస్తుంది.

"పసిబిడ్డకు ఏం తెలుస్తుంది, ఎక్కడున్నా ఒకటే"

పసిబిడ్డకే అన్నిటికంటే ఎక్కువ తెలుస్తుంది. దీనికి రుమేనియాలో దొరికినంత గట్టి సాక్ష్యం ఇంకెక్కడా దొరకలేదు.

1966లో అక్కడి నియంత చౌసెస్కూ ప్రభుత్వం గర్భస్రావాలు నిషేధించింది. జనాభా పెంచాలన్నది లక్ష్యం. పెంచలేని కుటుంబాలు బిడ్డల్ని ప్రభుత్వ గృహాల్లో వదిలేశాయి. 1989లో ఆ పాలన కూలిపోయినప్పుడు లక్షకు పైగా పిల్లలు ఆ గృహాల్లో ఉన్నారని లోకానికి తెలిసింది. కొన్నేళ్ల తర్వాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు పరిశోధకులు బుకారెస్టులోని ఆరు గృహాల నుంచి 136 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. వయసు 6 నెలల నుంచి 31 నెలల వరకు. చీటీలు తీసినట్టుగా సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు, సగం మందిని అప్పటికున్న ఏర్పాట్లలోనే ఉంచారు. బుకారెస్టులో అప్పటికి ఫోస్టర్ కుటుంబాలు దాదాపు లేవు. ఆ కుటుంబాలను వెతికి, శిక్షణ ఇచ్చి, డబ్బిచ్చి నిలబెట్టింది కూడా వాళ్లే.

నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే గృహాల్లో ఉండిపోయిన పిల్లల సగటు 73 వచ్చింది. ఫోస్టర్ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు 81. ఎన్నడూ గృహం ముఖం చూడని బుకారెస్టు పిల్లలకు 109. ఆ ఎనిమిది పాయింట్ల తేడా తెచ్చింది కుటుంబమేనని చెప్పొచ్చు, ఎవరు ఎటు వెళ్లాలో చీటీ నిర్ణయించింది కాబట్టి. మందకొడి పిల్లల్నే గృహాల్లో మిగిల్చారనే వాదన ఇక్కడ చెల్లదు. 81కీ 109కీ మధ్య ఉన్న దూరం మాత్రం మనసు కలచివేస్తుంది. కుటుంబం దొరికాక కూడా పోయినదంతా తిరిగి రాలేదు. రెండేళ్లలోపు కుటుంబంలోకి వెళ్లినవాళ్లు మనుషుల్ని అంటిపెట్టుకోవడంలోనూ, మెదడు పనితీరులోనూ ఎక్కువ కోలుకున్నారు. ఆలస్యంగా వెళ్లినవాళ్లు తక్కువ కోలుకున్నారు. 2004లో చేసిన చట్టంలో రెండేళ్లలోపు బిడ్డల్ని గృహాల్లో ఉంచకూడదని రుమేనియా రాసుకుంది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పసిబిడ్డ ఏడిస్తే ఒక మనిషి రావాలి. ప్రతిసారీ దాదాపు అదే మనిషి రావాలి. గృహంలో మూడు షిఫ్టులు, సెలవులు, బదిలీలు. ఆయా ఎంత మంచిదైనా ఒంటిచేత్తో పదిమందికి పాలు పట్టాలి. అందుకని పట్టే సీసా ఉంటుంది, పట్టుకునే ఒడి ఉండదు. కొన్నాళ్లకు బిడ్డ ఏడవడం తగ్గిస్తుంది. చూసేవాళ్లు "ఎంత బుద్ధిగా ఉందో" అని మెచ్చుకుంటారు. ఏడవని ఆ బిడ్డ గురించే ముందు భయపడాలి.

మన దగ్గర శిశుగృహలో ఉన్న పసివాళ్ల విషయంలో గడువులున్నాయి. ఎవరో వదిలేసిన బిడ్డ అయితే రెండేళ్లలోపు వారిని 2 నెలల్లో, ఆపై వయసువారిని 4 నెలల్లో దత్తతకు అర్హులుగా ప్రకటించే పని బాలల సంక్షేమ కమిటీ ముగించాలి. కన్నవాళ్లే అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి 60 రోజులుంటాయి. ఆ గడువుల్ని పట్టించుకోని ప్రతి నెలా బిడ్డ మెదడులోంచి పోతోంది. చెత్తకుప్పలోనో ఆస్పత్రి మెట్ల మీదో బిడ్డ దొరికితే ఇంటికి తీసుకెళ్లి "దేవుడిచ్చాడు" అనుకోకండి, తెలిసిన పిల్లల్లేని దంపతులకు ఇవ్వకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చెయ్యండి. 24 గంటల్లో తెలియజెయ్యడం చట్టప్రకారం మీ బాధ్యత.

"మంచి బిల్డింగు, మంచి భోజనం, ఇంకేం కావాలి"

పుట్టినరోజుకో పెద్దల సంవత్సరీకానికో హోముకు వెళ్లి భోజనాలు పెట్టించి వచ్చేవాళ్లు మనలో చాలామంది. ఆ ఔదార్యాన్ని తక్కువ చెయ్యను. కానీ హోము మంచిదో కాదో గదులు చూసి, వంటగది చూసి తేల్చలేం. బీహారులోని ముజఫర్‌పూర్ బాలికల హోము ప్రభుత్వ డబ్బుతోనే నడిచింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం వెళ్లి సోషల్ ఆడిట్ చేసి, పిల్లలతో విడిగా మాట్లాడి 2018లో నివేదిక ఇచ్చాక గానీ అక్కడ జరుగుతున్న లైంగిక హింస బయటపడలేదు. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. అంతకుముందు అధికారులు తనిఖీకి రాలేదా అంటే వచ్చారు. పిల్లల్ని ఒంటరిగా అడిగి నిజం రాబట్టినవాళ్లు లేరు.

మీరు డబ్బిచ్చే హోములో ముందు రిజిస్ట్రేషను చూడండి. చట్టం 41వ సెక్షను కింద రిజిస్టరు కాకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా. తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. మూడేళ్లకు మించి ఇక్కడే పనిచేస్తున్న సిబ్బంది ఎంతమంది? రాత్రి ఎవరుంటారు, ఎంతమంది పిల్లలకు ఒకరు? కిందటి ఏడాది ఎంతమంది పిల్లల్ని తిరిగి ఇంటికి పంపారు? ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాశారా? చివరి రెండు ప్రశ్నలకు తడబడేచోట డబ్బు ఇవ్వకండి. పిల్లల సంఖ్య తగ్గితే గర్వంగా చెప్పే హోము మంచిది. సంఖ్య పెరిగిందని ఫ్లెక్సీ కట్టే హోముకు పిల్లలు కావాలి, ఆ పిల్లలకు ఆ హోము అక్కర్లేదు.

పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, కేకు ముక్క చేతికిచ్చి ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం మానండి. చట్టరీత్యా కూడా ఆ పిల్లల ముఖాలు బయటపెట్టకూడదు. ఆ రోజుకయ్యే ఖర్చుతో ఒక తల్లికి నాలుగు నెలల ఇంటద్దె కట్టొచ్చు. అప్పుడామె బిడ్డ హోముకే రాకపోవచ్చు.

"కుటుంబం కదా, తనిఖీలెందుకు"

ఇది ఎదుటిపక్షం వాళ్ల తప్పుడు సలహా. హోములంటే పడనివాళ్లు, నాలాంటివాళ్లు, ఇచ్చేది. అందుకే దీన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

2009లో క్యాథరిన్ వెటెన్ బృందం ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. ఇండియా, కంబోడియా, ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో 6 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని పోల్చారు. హోముల్లో ఉన్నవారు 1,357 మంది, ఊళ్లో కుటుంబాల్లో పెరుగుతున్న అనాథ పిల్లలు, కన్నవాళ్లు వదిలేసిన పిల్లలు 1,480 మంది. ఇండియాలో ఎంచుకున్న చోట్లలో మన హైదరాబాదు ఒకటి. ఆరోగ్యంలో, మనసులో, తెలివిలో హోము పిల్లలు బయటి పిల్లలకంటే వెనకబడలేదని తేలింది. హోములు నడిపేవాళ్లు దీన్ని తరచూ ఎత్తి చూపుతారు.

నేను దీన్ని దాటవెయ్యను. ఇక్కడ హోముతో పోల్చింది శిక్షణ ఉండి, నెలనెలా సాయం అంది, ఎవరో వచ్చి చూసే ఫోస్టర్ కుటుంబంతో కాదు. అలాంటి ఏర్పాటు లేని మామూలు ఇళ్లతో. పిల్లల వయసు ఆరేళ్లు దాటింది, బుకారెస్టు పసివాళ్ల పరిస్థితి వేరు. ఇంత మినహాయించుకున్నా మిగిలే పాఠం పెద్దదే. చిన్నాన్న ఇంట్లో బడి మాన్పించి పశువుల దగ్గరికి పంపే బిడ్డ, బాబాయి కొడుకులు తిన్నాక మిగిలింది తినే బిడ్డ, రాత్రిళ్లు భయపడుతూ పడుకునే ఆడపిల్ల మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు ఒక మంచి చిన్న హోము మేలు. కుటుంబం అనే పేరు ఎవరినీ కాపాడదు. బిడ్డను అప్పగించిన తర్వాత నెలనెలా ఎవరో ఇంటికి వెళ్లాలి, బిడ్డతో పెద్దవాళ్ల ఎదుట కాకుండా మాట్లాడాలి, బడిలో హాజరు చూడాలి. అది చెయ్యలేని జిల్లాలో ఫోస్టర్ కేర్ గొప్పగా ప్రకటించడం కంటే ముందు ఆ ఉద్యోగాలు నింపడం అవసరం.

"ఫోస్టర్ కేర్ తీసుకో, దత్తత కంటే త్వరగా వస్తుంది"

పిల్లల్లేని దంపతులకు ఈ మాట ఎక్కువ చెబుతున్నారు. కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైటులో ఏళ్ల తరబడి క్యూ, దీనికి అంత లేదు అని. 2024లో కేంద్రం ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు మార్చాక ఇది మరీ ఎక్కువైంది. పెళ్లికానివాళ్లు, భర్త లేదా భార్య పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు కూడా 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసైతే ముందుకు రావచ్చు. బిడ్డను రెండేళ్లు పెంచాక దత్తతకు అడగవచ్చు, ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. ఈ మార్పు మంచిదే. హోముల్లో ఆరేళ్లు దాటిన పిల్లల్ని దత్తతకు అడిగేవాళ్లు తక్కువ, వాళ్లకు దీంతో దారి తెరుచుకుంటుంది.

కానీ ఫోస్టర్ కేర్‌కు వచ్చే బిడ్డకు చాలాసార్లు సొంత తల్లి ఉంటుంది. ఆమె ఆస్పత్రిలో ఉండొచ్చు, జైల్లో ఉండొచ్చు, కోలుకుంటూ ఉండొచ్చు. ఆమె లేచి నిలబడ్డ రోజున బిడ్డను సంతోషంగా తిరిగి పంపగలగాలి. ఆ మధ్యలో ఆమె చూడ్డానికొస్తే గుమ్మంలో నిలబెట్టకుండా లోపలికి పిలవాలి. ఫోస్టర్ బిడ్డ మీకు వారసురాలు కాదు, మీ ఇంటిపేరు పెట్టుకోదు. ఇది తట్టుకోలేమనుకుంటే దత్తత దారిలోనే వెళ్లండి, ఆ క్యూ ఎంత పొడవైనా సరే. ఫోస్టర్ బిడ్డను తెచ్చుకుని "మన పిల్లే" అని చుట్టాలందరికీ చెప్పి, రెండేళ్ల తర్వాత తల్లి వచ్చేసరికి కోర్టుకెక్కే పరిస్థితి తెచ్చుకోకండి. నలిగేది బిడ్డే.

బయట డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది నేరం. పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం.

"టీనేజి పిల్లల్ని ఎవరు తీసుకుంటారు, వాళ్లకు హోమే గతి"

పద్నాలుగేళ్ల పిల్లాడు ఎదురు మాట్లాడతాడు, చెప్పకుండా బయటికెళ్తాడు, ఒకసారి దొంగతనం చేసుంటాడు. ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు అంటారు. కాబట్టి అలాంటివాళ్లందర్నీ ఒకచోట చేర్చి కట్టుదిట్టంగా ఉంచాలంటారు.

అలా చేర్చడంలోనే ప్రమాదం ఉంది. ఒకేలాంటి కష్టంలో ఉన్న కుర్రాళ్లను ఒకచోట పెడితే ఒకరి చెడు ఇంకొకరికి అంటుకుంటుంది, ఎందుకంటే ఆ వయసులో పెద్దల మాటకంటే తోటివాడి నవ్వుకే విలువెక్కువ. 2008లో లాస్ ఏంజిలస్ పిల్లల మీద ప్రచురించిన ఒక అధ్యయనంలో, నేపథ్యం చాలావరకు పోలిన పిల్లల్ని తీసుకుంటే, గ్రూప్ హోముల్లో ఉన్నవాళ్లు అరెస్టయ్యే అవకాశం ఫోస్టర్ కుటుంబాల్లోని వాళ్లకంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. దీనికి మందు కూడా అమెరికాలోనే, ఒరెగాన్‌లో దొరికింది. ప్యాట్రీషియా ఛాంబర్లెయిన్ పదేపదే పోలీసుల చేతికి చిక్కిన 79 మంది కుర్రాళ్లలో కొందర్ని గ్రూప్ హోములకు, కొందర్ని ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫోస్టర్ కుటుంబాలకు పంపింది. ఒక ఇంట్లో ఒక్కడే. ఆ తల్లిదండ్రులకు సాయంగా ఎప్పుడు ఫోను చేసినా పలికే నిపుణులు. 1998లో ఫలితాలు వచ్చాయి. కుటుంబాల్లో ఉన్నవాళ్లు తక్కువ పారిపోయారు, తర్వాత తక్కువ నేరాలు చేశారు. దుడుకు పిల్లాడిని పెంచగల కుటుంబం పుట్టుకతో దొరకదు, తయారు చేసుకోవాలి, వెనక నిలబడాలి.

అయినా టీనేజిలో కొందరికి చిన్న హోమే నయమని నేను ఒప్పుకుంటాను. నాలుగు కుటుంబాలు మారి, ఇంకో "అమ్మ" అనే మాట వింటేనే ఒళ్లు మండే పిల్ల ఉంటుంది. ఇంకో ఇంట్లో చేరితే కన్నతల్లికి ద్రోహం చేసినట్టు అనిపించే పిల్లాడుంటాడు. వాళ్లను అడగండి. పదహారేళ్ల పిల్ల తనకు ఏం కావాలో చెప్పగలదు, చట్టం కూడా ఆమె మాట వినమంటోంది. ముగ్గురు నలుగురు తోబుట్టువుల్ని ఒకే కుటుంబం తీసుకోలేకపోతే, వాళ్లను విడదీసి తలో ఇంటికీ పంపడంకంటే అందరినీ కలిపి ఉంచే చిన్న ఏర్పాటు మంచిది. అక్కే తమ్ముడికి అమ్మ అయిన చోట వాళ్లను విడగొడితే రెండోసారి అనాథల్ని చేసినట్టే. 1949లో ఆస్ట్రియాలో హెర్మన్ గ్మైనర్ మొదలుపెట్టిన ఎస్‌ఓఎస్ బాలల గ్రామాలు ఇలాంటి ఆలోచనతోనే పుట్టాయి. ఒక్కో ఇంటికి ఒక్కో తల్లి, తోబుట్టువులు కలిసే ఉంటారు. విశాఖలో, హైదరాబాదులో ఆ గ్రామాలున్నాయి. మన మార్గదర్శకాల్లోని గ్రూప్ ఫోస్టర్ కేర్ కూడా ఎనిమిది మందికి మించని ఇలాంటి ఏర్పాటే.

హోములన్నీ రేపే మూసెయ్యాలనే తొందరా ఒక తప్పుడు సలహాయే. అమెరికా 2018లో చేసిన చట్టంతో గ్రూప్ హోముల్లో పిల్లల్ని రెండు వారాలకు మించి ఉంచితే, కొన్ని షరతులకు లోబడిన చోట్ల తప్ప, కేంద్ర నిధులు ఆపేసింది. ఉద్దేశం మంచిదే. కానీ ఫోస్టర్ కుటుంబాలు చాలినన్ని లేని రాష్ట్రాల్లో పిల్లలు హోటలు గదుల్లో, సంక్షేమ శాఖ ఆఫీసుల్లో రాత్రులు గడపాల్సి వచ్చింది. మన దగ్గర ఫోస్టర్ కుటుంబాలు ఇంకా చాలా తక్కువ. ముందు కుటుంబాలు, తర్వాత మూతలు.

"పద్దెనిమిది నిండాయి, ఇక మన బాధ్యత లేదు"

మన ఇళ్లలో పద్దెనిమిదేళ్ల కొడుకును గుమ్మం దాటించి తలుపేసుకోం. ఇంజినీరింగుకో డిగ్రీకో ఫీజు కడతాం, ఉద్యోగం వచ్చేదాకా చూస్తాం, ఇరవై అయిదేళ్లకు కూడా బియ్యం బస్తా పంపిస్తాం. హోములో పెరిగినవాడికి మాత్రం ఆ పుట్టినరోజుకు బ్యాగు సర్దుతాం. చట్టం 46వ సెక్షను కింద ఆఫ్టర్ కేర్ ఉంది. 21 ఏళ్ల దాకా, తప్పనిసరైన సందర్భాల్లో 23 దాకా బస, చదువు, ఉద్యోగ శిక్షణకు సాయం అందాలి. చాలామంది పిల్లలకు ఈ సంగతే చెప్పరు. ఇంగ్లండు 2014లో చట్టం చేసి ఫోస్టర్ బిడ్డ ఇష్టపడితే, కుటుంబమూ ఒప్పుకుంటే, 21 ఏళ్ల దాకా అదే ఇంట్లో ఉండేలా సాయం చేస్తోంది. మనకూ అలాంటిది కావాలని గట్టిగా అడగాలి.

ఫోస్టర్ కుటుంబం నుంచి వెళ్లినవాళ్లకు పండక్కి రమ్మనే ఇల్లు మిగిలే అవకాశం ఉంది. హోము నుంచి వెళ్లినవాళ్లకు ఆ ఏర్పాటు ఎవరైనా పూనుకుని చేస్తేనే ఉంటుంది. మీరు హోము కమిటీలో ఉన్నా, తరచూ వెళ్లే దాత అయినా, ఈ పని పదిహేనో ఏటే మొదలుపెట్టండి. ఒక బిడ్డ, ఒక పెద్ద, రాసిపెట్టుకున్న ఫోను నంబరు. బాలల సంక్షేమ కమిటీ అనుమతితోనే, సిబ్బందికి తెలిసేలాగే కలవండి. ఏడాదికోసారి వచ్చే వందమంది దాతలకంటే పదేళ్లపాటు ఫోనెత్తే ఒక్క మాస్టారు ఎక్కువ.

తర్వాత కాగితాలు. ఆధార్, బ్యాంకు ఖాతా, పదో తరగతి మెమో, ఓటరు నమోదు. కులధ్రువపత్రం దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని కోల్పోయి, చూసుకునే దిక్కులేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లలకు మన రాష్ట్రాల బీసీ-ఏ జాబితాలో చోటుంది. అయితే ఏ వయసులో తల్లిదండ్రుల్ని కోల్పోయారో, ఎక్కడ చేరారో చూపించే రికార్డు ఉంటేనే అది పనికొస్తుంది. హోము పదేళ్ల తర్వాత మూతపడొచ్చు, రిజిస్టర్లు చెదలు తినొచ్చు. కాబట్టి బిడ్డ చేరిన నెలలోనే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు, ప్రవేశ రిజిస్టరు పేజీ, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు మూడేసి కాపీలు అటెస్టు చేయించండి. ఒకటి హోము ఫైల్లో, ఒకటి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, ఒకటి బిడ్డ పేరు రాసిన కవరులో ఉంచండి. పద్దెనిమిది నిండిన రోజున ఆ కవరు అడగకుండానే బిడ్డ చేతికివ్వండి, లోపలేముందో ఒక్కో కాగితం తీసి చూపించి మరీ ఇవ్వండి.